జక్కయ్య ఎక్కిన చెట్టు ఏది?



ప్రతి వేసవిలో మన సంఘములలో విబిఎస్ తరగతులు జరుగుచుండును. జక్కయ్య కథ లేకుండ ఆ దినములు గడచిన సంవత్సరము మాకు జ్ఞాపకము లేదు. పొట్టివాడు, ధనవంతుడు, పరుగెత్తి చెట్టెక్కినవాడు. పిల్లలకు ఇంతకన్న నచ్చే కథ ఏమున్నది? మందిరపు కిటికీనే చెట్టుగా చేసికొని ఎగబ్రాకుతారు. వారిని దింపడానికి టీచర్లు నానా తంటాలు పడతారు.

అయితే జక్కయ్య ఎక్కినది ఏ చెట్టు? లూకా సువార్త 19వ అధ్యాయము 4వ వచనములో మన తెలుగు బైబిలు దానిని మేడిచెట్టు అన్నది. ఇంగ్లీషు బైబిళ్లలో చాలావాటిలో దాని పేరు సికమోర్. మాట ఒక్కటే అయినను ఇంగ్లీషువారు దానితో మూడు వేరువేరు చెట్లను పిలుచుచున్నారు. ఆ మూడింటికి చుట్టరికము లేదు. ఒకటి మేడి జాతిది, రెండవది మేపుల్ జాతిది, మూడవది కాశ్మీరులో కనబడు చినారు జాతిది. ఒకే పేరు మూడు చెట్లకు ఎట్లు వచ్చినది? వాటిలో జక్కయ్య చెట్టు ఏది? ఇది పండితులకు మాత్రమే కావలసిన ప్రశ్న అని అనుకొనవద్దు. మా సంఘములో ఒక ముసలితల్లి మనస్సును ఈ ప్రశ్న నొప్పించినది.

నానమ్మ అడిగిన ప్రశ్న

మేము సేవ చేయు గ్రామములలో ఒకదానిలో చెరువుకట్టమీద పెద్ద మేడిచెట్టు ఉన్నది. మొదలునుండి కొమ్మలవరకు గుత్తులు గుత్తులుగా కాయలు. పండినప్పుడు పక్షులకు, కోతులకు, బడి పిల్లలకు అక్కడే విందు. ఆ ఊరిలో డెబ్బది ఏండ్లు దాటిన ఒక తల్లి ఉన్నది. చదువు రాదు. చెవితో విన్నదే ఆమెకు బైబిలు. నాట్లకు, కలుపులకు ఆ కట్టమీదుగా పోవునప్పుడెల్ల ఆ చెట్టుక్రింద ఒక్క నిమిషము ఆగి ప్రార్థన చేసికొనుట ఆమెకు కాపురానికి వచ్చిననాటినుండి అలవాటు. ఎందుకని అడిగితే, "జక్కయ్య ఎక్కింది ఈ చెట్టే గదయ్యా. ఆయన్ని పేరు పెట్టి పిలిచినట్టు నన్నూ పిలుస్తాడని" అనేది.

ఆమె మనుమడు పట్నములో ఇంగ్లీషు మీడియము బడిలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు బొమ్మలతో ఉన్న బైబిలు కథల పుస్తకము తెచ్చినాడు. పరదేశములో అచ్చైన పుస్తకము. రంగులు కన్నులపండువగా ఉన్నవి. అందులో జక్కయ్య కూర్చున్న చెట్టు ఆకులకు ఐదేసి కోణములున్నవి. మేడి ఆకు అట్లుండదు. మనుమడు ఆ బొమ్మ చూపించి, "నానమ్మా, జక్కయ్య ఎక్కింది సికమోర్ చెట్టు, మన మేడిచెట్టు కాదు. తెలుగులో తప్పు రాశారు" అన్నాడు. పిల్లవాడు చెడ్డ మనస్సుతో అన్న మాట కాదు. తాను నేర్చుకొన్నది నానమ్మకు చెప్పవలెనని అన్నాడు. కాని ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె అందరూ వెళ్లేదాక చాపమీదనే కూర్చుండి, ఆపైన మా యొద్దకు వచ్చినది.

"అయ్యగారూ, ఇన్నేళ్లూ నేను ఆగిన చెట్టు వేరే చెట్టా? మనకు చదివి వినిపించేదాంట్లో ఇంకా ఎన్ని తప్పులుంటాయో?"

ఆ రెండవ ప్రశ్న మమ్మును కదిలించినది. చెట్టు సంగతి చిన్నదే. కాని ఇంగ్లీషు వచ్చినవారి చేతిలో అసలు వాక్యమున్నదని, తెలుగు మాత్రమే తెలిసినవారికి దక్కినది దాని నకలేనని ఆమె మనస్సులో ఒక అనుమానము పడినది. మన పల్లె సంఘములలో ఈ అనుమానము ఎందరికో ఉన్నది. పైకి చెప్పరు, అంతే. కాబట్టి ఆ మాట పుట్టుపూర్వోత్తరములు వెదకి చూచినాము. డిప్లొమా చదివిన దినములలో నేర్చుకొన్న కొద్దిపాటి గ్రీకు ఆ పనికి అక్కరకు వచ్చినది.

మాట ఎక్కడ పుట్టినది?

లూకా తన సువార్తను గ్రీకు భాషలో వ్రాసినాడు. ఆ చోట ఆయన వాడిన మాట సుకోమొరెయా. అందులో రెండు మాటలు ఇమిడియున్నవి. సూకోన్ అనగా అంజూరపు పండు. మోరోన్ అనగా కంబళిపండు, అనగా పట్టుపురుగులు పెంచు రైతులు మల్బరీ అని పిలుచు చెట్టు పండు. అంజూరమువంటి కాయ, మల్బరీవంటి ఆకు గల చెట్టు గనుక దానికా పేరు. హెబ్రీ భాషలో ఈ చెట్టును షిక్మా అందురు.

గ్రీకు మాట లాటిను భాషలోకి వెళ్లి సికొమోరుస్ అయినది. లాటినునుండి పాత ఫ్రెంచి భాషలోకి, అక్కడనుండి 14వ శతాబ్దములో ఇంగ్లీషులోకి వచ్చినది. ఆ శతాబ్దములోనే విక్లిఫ్ పేరుతో పిలువబడు ఇంగ్లీషు బైబిలు వచ్చినది. అది లాటినునుండి తర్జుమా చేయబడినది గనుక అందులో ఈ మాటే నిలిచినది. గమనించండి. ఇంగ్లీషులో ఈ పేరు చెట్టును చూచి పెట్టినది కాదు, పుస్తకములోనుండి వచ్చినది. పేరు సముద్రము దాటి వచ్చినది గాని చెట్టు రాలేదు. యెరికో చెట్టు ఇంగ్లండు చలికి బ్రదుకజాలదు.

ఇక్కడ మరియొక చెట్టును దీనితో కలిపివేయకూడదు. లూకా 17వ అధ్యాయములో ప్రభువు ఆవగింజంత విశ్వాసమును గూర్చి చెప్పుచు, వేళ్లతో పెల్లగింపబడి సముద్రములో నాటబడు చెట్టును పేర్కొన్నాడు. గ్రీకులో దాని పేరు సుకామినోస్. అది మల్బరీ. వినుటకు రెండు పేర్లు దగ్గరగా ఉన్నను లూకా వాటిని వేరుచేసి వ్రాసినాడు. మన తెలుగువారును ఒకదానిని మేడిచెట్టు అని, రెండవదానిని కంబళిచెట్టు అని వేరుచేసి వ్రాసినారు.

బీదవాని చెట్టు

యెరికో చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫైకస్ సికోమోరస్. మన మేడిచెట్టు ఫైకస్ రెసిమోసా. మఱ్ఱి, రావి, జువ్వి, అంజూరము అన్నియు ఈ ఫైకస్ కుటుంబములోనివే. కాని ఆ పెద్ద కుటుంబములోకూడ శాస్త్రజ్ఞులు యెరికో చెట్టును, మన మేడిని ఒకే శాఖలో చేర్చినారు. ఆ శాఖ పేరే సికోమోరస్! రెండింటికిని కాయలు మొదటిమీద, ముదురు కొమ్మలమీద గుత్తులుగా కాయును. యెరికో చెట్టు మొద్దు లావు, పొట్టి. కొమ్మలు క్రిందినుండియే బయలుదేరి నలుప్రక్కల బారలు చాచును. పొట్టివాడైన జక్కయ్యకు అంత తొందరలో ఎక్కుటకు అంతకన్న వీలైన చెట్టు లేదు.

ఈ చెట్టు మంచుకు తాళదు. అందుచేత పరిశుద్ధ దేశములో ఇది పల్లపు భూములలోనే పెరుగును. యెరికో సముద్రమట్టముకంటె సుమారు 250 మీటర్లు దిగువన ఉన్న వెచ్చని లోయ. షెఫేలా అను పల్లపు ప్రదేశములో ఈ చెట్లు విస్తారముగా ఉండెనని రాజుల గ్రంథము చెప్పుచున్నది. సొలొమోను దినములలో అరుదైన దేవదారు మ్రానులు మేడిచెట్లంత విరివిగా దొరకినవని అక్కడ వ్రాయబడినది. అనగా దేవదారు రాజుల కఱ్ఱ, మేడి అందరి కఱ్ఱ. అయినను దావీదు ఈ బీదవాని చెట్టును చిన్నచూపు చూడలేదు. ఒలీవ చెట్లను, మేడిచెట్లను చూచుకొనుటకు ఒక అధికారిని నియమించినాడని దినవృత్తాంతముల మొదటి గ్రంథము 27వ అధ్యాయములో ఉన్నది.

ఈ చెట్టు పేరుతో మనము తప్పక జ్ఞాపకము చేసికొనవలసినవాడు ఆమోసు ప్రవక్త. బేతేలు యాజకుడు అతనిని తరిమివేయ జూచినప్పుడు, తాను పుట్టుకచేత ప్రవక్తను కానని, పసులను కాచుకొనుచు మేడిపండ్ల పని చేసికొనువాడనని జవాబిచ్చినాడు. మన తెలుగు బైబిలులో పండ్లు ఏరువాడని ఉన్నది. గ్రీకులోనికి తర్జుమా చేసిన పూర్వికులు అక్కడ ఇంకొంచెము వివరముగా, కాయలకు గాట్లు పెట్టువాడని వ్రాసినారు.

ఆ పని ఏమనగా, పచ్చి కాయలు చెట్టుమీద ఉండగనే ఒక్కొక్కదానికి చిన్న కత్తితో గాటు పెట్టుట. గాయపడిన కాయలోనుండి ఎథిలీను అను వాయువు పుట్టును. మనము కాయలను గడ్డిలో మాగవేసినప్పుడు పనిచేయునదికూడ ఆ వాయువే. గాటు పడిన కాయ మూడు నాలుగు దినములలో ఉబ్బి తీపెక్కును. గాటు పెట్టనియెడల లోపల పురుగు పెరిగి కాయ తినుటకు పనికిరాదు. క్రీస్తుకు మూడు వందల సంవత్సరములకు పూర్వమే థియోఫ్రాస్టస్ అను గ్రీకు పండితుడు ఈ పనిని గూర్చి వ్రాసినాడు. ఈజిప్టులోను, సైప్రసు ద్వీపములోను ఇరవయ్యవ శతాబ్దములోకూడ రైతులు దీనిని చేయుచుండిరి.

ఒక్కసారి ఆలోచించండి. ఆమోసు ఊరు తెకోవ. అది కొండమీద చలిగల చోటు. అక్కడ ఈ చెట్టు పెరుగదు. కాబట్టి ఆ పనికి అతడు పల్లపు ప్రాంతములకు దిగి వెళ్లియుండవలెను. మన పల్లెలనుండి కోతలకు, మిరపకాయ ఏరుటకు దూరప్రాంతములకు పోవు కుటుంబములకు ఈ సంగతి బాగుగా తెలియును. కొమ్మలెక్కి వేలకొలది కాయలకు ఒక్కొక్క గాటు పెట్టిన చేతిని దేవుడు ఏర్పరచుకొని, బీదలను త్రొక్కువారి యెదుట నిలువబెట్టినాడు.

మేడిపండు అనగానే మనకు వేమన చెప్పిన మాట గుర్తుకు వచ్చును. పైకి చక్కన, లోపల పురుగులు! ఆయన చూచినది నిజమే. అయితే ఆ పురుగులు ఏమిటో మన కాలములో తెలిసినది. మేడిపూలు పండులోపలనే పూచును. నలుసంత కందిరీగ ఒకటి సన్నని రంధ్రముగుండ లోపలికి దూరి, గ్రుడ్లు పెట్టుచు పుప్పొడి చేర్చును. అది రానియెడల మేడికి విత్తనమే లేదు. యెరికో చెట్టుకును అటువంటి కందిరీగ ఒకటున్నది. కాని అది ఆఫ్రికా లోపలి దేశములలో ఉన్నదే గాని ఈజిప్టులోను పాలస్తీనాలోను లేదు. అందుచేత అక్కడ ఆ చెట్టు విత్తనమునుండి మొలవదు. మనుష్యుడు కొమ్మ నరికి నాటవలసినదే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనండి, దీనికి మరల వచ్చెదము.

పేరు వలస వెళ్లినది

సికమోర్ అను పేరు ఇంగ్లండు చేరి దాదాపు రెండు వందల సంవత్సరములు పుస్తకములలోనే ఉన్నది. 16వ శతాబ్దము చివరికి వచ్చుసరికి అక్కడివారు ఆ పేరును తమ కంటికి కనబడు ఒక చెట్టుకు పెట్టుకొన్నారు. అది ఐరోపా కొండ ప్రాంతములనుండి తెచ్చి నాటిన ఒక పెద్ద మేపుల్ చెట్టు. వెడల్పైన ఆకు, దట్టమైన నీడ. దాని ఆకుకు ఐదు కోణములు. మనుమడు చూపిన బొమ్మలోని ఆకు అదే! దాని కాయలు తినుటకు పనికిరావు. రెక్కలు కట్టుకొని గాలిలో గిరగిర తిరుగుచు రాలును. జక్కయ్య కథ విన్నవారికి ఒక చెట్టు కావలెను గదా. తమకు తెలిసిన చెట్టులో దానిని చూచుకొన్నారు. అందులో దోషమేమియు లేదు.

ఈ రెండవ సికమోరుకును గొప్ప చరిత్ర ఉన్నది. ఇంగ్లండులోని డోర్సెట్ జిల్లాలో టోల్‌పడిల్ అను చిన్న పల్లె ఉన్నది. 1830 తరువాతి సంవత్సరములలో అక్కడి వ్యవసాయ కూలీల వారపు కూలి 7 షిల్లింగులకు పడిపోయినది. ఇంకను 6 కు తగ్గింతుమని భూస్వాములు బెదిరించిరి. ఊరి మధ్యనున్న సికమోర్ చెట్టుక్రింద కొందరు కూలీలు చేరి, ఒకరికొకరు తోడుగా నిలుతుమని సంఘముగా ఏర్పడిరి. వారిలో ఎక్కువమంది మెథడిస్టు విశ్వాసులు. ముందు నిలిచిన జార్జి లవ్‌లెస్ జీతము లేకుండ వాక్యము చెప్పు మెథడిస్టు బోధకుడు. రహస్య ప్రమాణము చేసిరను నేరము మోపి, 1834 మార్చిలో ఆరుగురికి ఏడేసి సంవత్సరములు దేశాంతర శిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపిరి. జనులు ఊరుకొనలేదు. దేశమంతట నిరసన లేచినది. 1836లో వారికి క్షమాపణ దొరకినది. ఆ చెట్టు మూడు వందల ఏండ్లు దాటి నేటికిని నిలిచియున్నది. ప్రపంచమంతటినుండి కార్మికులు వచ్చి దానిని చూచి పోవుచున్నారు.

మరియొకటి ఇటీవలి సంగతి. ఉత్తర ఇంగ్లండులో రోమా చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడయొద్ద, రెండు గుట్టల నడుమ ఒంటరిగా ఒక సికమోర్ చెట్టు ఉండెను. 2023 సెప్టెంబరు 27వ తేది రాత్రి ఇద్దరు మనుష్యులు దానిని రంపముతో కోసి పడవేసిరి. ఏ లాభమును లేదు. 2025 జూలైలో న్యాయస్థానము వారికి నాలుగు సంవత్సరముల మూడు నెలల జైలు శిక్ష విధించినది. కాని 2024 వేసవిలోనే ఆ మోడునుండి క్రొత్త చిగుళ్లు వచ్చినవి. ఆ చెట్టు విత్తనములనుండి మొలకెత్తించిన మొక్కలు అనేక ఊళ్లకు పంచబడినవి. మొద్దునుండి చిగురు పుట్టునని యెషయా చెప్పిన సంగతి మనకు జ్ఞాపకము రాక మానదు.

ఇంగ్లీషువారు అమెరికాకు వలస పోయినప్పుడు పేరును మూటలో కట్టుకొని పోయిరి. అక్కడ ఏటి ఒడ్డున పెరుగు, బెరడు ఊడి తెల్లగా మెరయు చెట్టుకు ఆ పేరు పెట్టిరి. అది ఫైకసు కాదు, మేపులు కాదు; చినారుకు దాయాది. బొత్తాములవంటి కాయలుండుటచేత దానిని బటన్‌వుడ్ అనియు పిలుతురు. 1792 మే 17న న్యూయార్కులోని వాల్ స్ట్రీటులో అటువంటి చెట్టుక్రిందనే 24 మంది వ్యాపారులు వాటాల క్రయవిక్రయముల ఒప్పందము చేసికొనిరని చెప్పుదురు. నేటి న్యూయార్కు స్టాక్ ఎక్స్‌చేంజికి అదే మొదలు.

ఒకే పేరు గల మూడు చెట్లు. ఒకదానిమీదికి సుంకపు గుత్తదారుడు ఎక్కినాడు. ఒకదానిక్రింద కూలీలు తమ కూలికొరకు చేరినారు. ఒకదానిక్రింద వ్యాపారులు తమ లాభముకొరకు చేరినారు. మూడు చోట్లను డబ్బు సంగతే!

తర్జుమా చేసినవారి కష్టము

ఇప్పుడు బైబిలు తర్జుమా సంగతి చూతము. 1526లో విలియము టిండేలు గ్రీకునుండి క్రొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చినాడు. పొలము దున్ను కుర్రవానికికూడ లేఖనము తెలియవలెనని అతని ఆశ. అతడు లూకా 19లో సికమోర్ అని వ్రాయలేదు. అడవి అంజూరము అని అర్థమిచ్చు ఇంగ్లీషు మాటలు వ్రాసినాడు. 1560లో వచ్చిన జెనీవా బైబిలుకూడ అట్లే వ్రాసినది. జర్మనీలో మార్టిన్ లూథరు మల్బరీ అని వ్రాసినాడు. 1611లో రాజైన జేమ్సు కాలపు బైబిలు సికమోర్ అను పాత పేరును మరల తెచ్చినది. అప్పటికే ఇంగ్లండులో ఆ పేరు మేపుల్ చెట్టుకు అంటుకొని ఉన్నది. కాబట్టి ఆ మాట చదివిన ఇంగ్లీషు పిల్లవాడు తన ఇంటి ముందున్న మేపుల్ చెట్టును తలంచుకొన్నాడు. చిత్రకారుడు దానినే గీసినాడు. ఆ బొమ్మే అచ్చై, ఓడలెక్కి, మన పల్లెదాక వచ్చినది.

తెలుగులోకి తెచ్చినవారు ఏమి చేసినారు? ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరములలో వ్రాసి ఊరుకొనలేదు. మన ఊరి చెరువుకట్టమీద, కాలువ గట్టునగల చెట్లలో యెరికో చెట్టుకు సమీప బంధువు ఏదో దాని పేరు వ్రాసినారు. అచ్చముగా అదే చెట్టు కాదు గాని, ఒకే శాఖలోనిది. ఇంగ్లండు సికమోరుకును యెరికో చెట్టుకును పేరులో పోలిక, మన మేడికిని దానికిని రక్తసంబంధము.

ఈ సంగతులన్నియు మేము ఆ తల్లి ఇంటి వసారాలో కూర్చుండి మనుమని యెదుటనే చెప్పినాము. పిల్లవాడు తెలివిగలవాడు. వెంటనే పోయి మేడి ఆకు, మేడికాయల గుత్తి తెచ్చి పుస్తకములో బొమ్మ ప్రక్కన పెట్టి చూచినాడు. "అయితే ఈ బొమ్మ గీసినాయన యెరికో చెట్టు చూడలేదన్నమాట" అన్నాడు. "నువ్వు చూశావుగా రోజూ. నువ్వే గియ్యి" అన్నది ఆమె. ఇంతకుమించి మేము చెప్పవలసినది లేకపోయినది.

ఇంగ్లీషు నేర్చుకొనవద్దని మా భావము కాదు. నేర్చుకొనవలెను, మన పిల్లలు పైకి రావలెను. అయితే దేవుని మాట ఒక భాషలో గొప్పదిగాను, మరియొక భాషలో తక్కువదిగాను ఉండదు. అసలు మాట ఇంగ్లీషుది కాదు, తెలుగుది కాదు. ఇద్దరమును గ్రీకు ఇంటి గుమ్మమునొద్ద చేతులు చాచినవారమే. ఆ గుమ్మమునొద్ద తెలుగువాడు కొన్నిసార్లు ముందు నిలుచును.

చెట్టు దిగిన మనిషి

చివరగా ఒక మాట. సూకోన్, అనగా అంజూరపు పండు, అని ముందు చెప్పినాము గదా. ఆ మాట జక్కయ్య కథలో రెండుసార్లు దాగియున్నది. 4వ వచనములో చెట్టు పేరులో ఉన్నది. 8వ వచనములో జక్కయ్య తాను ఎవరియొద్దనైనను అన్యాయముగా తీసికొన్నది ఉన్నయెడల నాలుగంతలు తిరిగి ఇత్తునని చెప్పునప్పుడు, అన్యాయముగా తీసికొనుటకు లూకా వాడిన గ్రీకు క్రియ సుకోఫాంతేయో. మాటకు మాట అర్థము చెప్పితే అంజూరపు పండ్లను చూపించుట. ఏథెన్సు పట్టణమునుండి దొంగచాటుగ అంజూరపు పండ్లు బయటికి పంపువారిని పట్టి ఇచ్చువారికి ఆ పేరు వచ్చినదని పూర్వులు చెప్పిన వివరణ. అటుతరువాత అది అబద్ధపు ఫిర్యాదులు చేసి, బెదిరించి సొమ్ము గుంజువారి పేరైనది. ఇంగ్లీషులో సికోఫాంట్ అను మాట దీనినుండి వచ్చినదే. ఇప్పుడు దానికి గొప్పవారిని పొగడి పబ్బము గడుపుకొనువాడని అర్థము. క్రొత్త నిబంధనలో ఈ క్రియ మరియొక్క చోటనే ఉన్నది. లూకా 3వ అధ్యాయములో, బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను హెచ్చరించిన మాటలో.

లూకా ఈ రెండు మాటలను కావలెనని దగ్గర చేర్చినాడని మేము వాదింపము. కాని చదువునప్పుడు మనస్సుకు తట్టక మానదు. అంజూరపు మాట గల చెట్టెక్కినవాడు, దిగివచ్చి అంజూరపు మాట గల పాపమును ఒప్పుకొన్నాడు. పైనుండి ప్రభువును చూచుటకు ఎక్కినాడు. ప్రభువే తలయెత్తి అతనిని చూచినాడు. లోపలి పురుగును చూచియు పండును పారవేయలేదు. పేరు పెట్టి పిలిచినాడు. రక్షణ వచ్చినది అతడు చెట్టుమీద ఉన్నప్పుడు కాదు, దిగి ఇంటికి తీసికొనిపోయి, లెక్కలు సరిచేసికొనినప్పుడు. మన ఇండ్లలోను సరిచేయవలసిన లెక్కలున్నవి. కూలివానికి తగ్గించి ఇచ్చిన కూలి, గట్టు జరిపి కలుపుకొన్న జానెడు నేల, అన్నదమ్ముల పంపకములో దాచిన చిన్న సొమ్ము. చెట్టు పేరు సరిగా తెలిసి ఇవి సరిచేసికొనకపోతే ఆ తెలివివలన ప్రయోజనమేమి?

యెరికో చెట్టు విత్తనమునుండి మొలవదని, మనుష్యుడు కొమ్మ నాటవలెనని చెప్పినాము. కాబట్టి జక్కయ్య ఎక్కిన చెట్టును ఎవరో ఒకరు బాటప్రక్కన నాటినారు. అతని పేరు బైబిలులో లేదు. నీడకొరకో, కాయలకొరకో, కఱ్ఱకొరకో నాటియుండవచ్చును. దానిమీదనుండి ఒక మనుష్యుడు రక్షకుని చూచునని అతనికి తెలియదు. అయినను అతడు నాటకపోయిన యెడల ఆ దినమున ఆ బాటలో ఆ కొమ్మ ఉండెడిది కాదు.

ప్రియులారా, ఈ వర్షాకాలములో మన మందిరముల ఆవరణలలో, బడి దారులలో, చెరువుకట్టలమీద మొక్కలు నాటుదము. సండేస్కూలు పిల్లలచేత నాటించి, ఒక్కొక్క మొక్కను ఒక్కొక్క పిల్లవానికి అప్పగించుదము. అట్లే మన ఇండ్లలో తల్లిదండ్రులు, నానమ్మలు, తాతలు తమకు వచ్చిన తెలుగులోనే పిల్లలకు వాక్యము చెప్పుదురుగాక. చదువు లేదని వెనుకాడవద్దు. మీరు నాటిన మాటమీద ఎక్కి ఎవరు ప్రభువును చూతురో మీకు తెలియదు. నాటుట మన పని, వృద్ధి కలుగజేయువాడు దేవుడు. ఆయన కృప మన సంఘములన్నిటికి తోడైయుండును గాక. ఆమేన్.